కెనడా ప్రభుత్వం తరఫున నేనిచ్చిన మాట

శనివారం ఉదయం 9:40కి, బ్యాంకు కవరులో 4,180 డాలర్ల నగదుతో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ట్రాయ్‌లోని మా ఇంటికి ఇరవై ఆరు మైళ్ళ దూరంలో ఉన్న కెనడాకు బయలుదేరాను. మధ్యాహ్నానికి ఆ డబ్బు రెట్టింపు కావాలి. ఎలా మునిగానో చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

నది అవతల విండ్సర్‌లో ఉండే నా స్నేహితుడు సుధాకర్ ఫోన్‌తో ఇదంతా మొదలైంది.

"బావా, మలావీలో కరువు కదా. ఇక్కడ చారిటీకి జనం ఎంతిస్తే మా గవర్నమెంట్ కూడా అంత మ్యాచ్ చేస్తోంది. డాలర్‌కి డాలర్."

"మీ జనమే ఇవ్వాలా?"

"ఇక్కడ కడితే చాలు."

నేను కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరుని. మిల్లీమీటరులో పదోవంతు తేడా ఉన్నా ఆ భాగాన్ని తిప్పి పంపేస్తాను. అటువంటివాణ్ణి ఆ పథకం నిబంధనలు చదవనే లేదు. పైగా మా కాలనీలోని ముప్పై ఎనిమిది తెలుగు కుటుంబాల ముందు ఎన్నికల అభ్యర్థిలా నిలబడి, "మీరు మలావీలో ఒక ఊరికి బోరింగు వేయించండి, రెండో ఊరికి కెనడా ప్రభుత్వం వేయిస్తుంది" అని హామీ ఇచ్చి ఆ చందా వసూలు చేశాను. చారిటీకి మెయిల్ కూడా పెట్టాను. రెండో ఊరికి కబురు వెళ్ళిపోయింది.

విండ్సర్‌లో చారిటీ కౌంటర్ దగ్గర సుధాకర్ తన పేరున డబ్బు కట్టబోతుంటే ఒకావిడ వాణ్ణి అడిగింది: "ఇది మీ సొంత డబ్బేనా?"

"యెస్ మేడమ్," అన్నాడు వాడు, పాలు తాగిన పిల్లిలా.

తప్పు కొలత వినబడితే నా నోరు ఆగదు. "కచ్చితంగా చెప్పాలంటే కాదండి. ముప్పై ఎనిమిది కుటుంబాలది. అందరం మిషిగన్‌వాళ్ళం."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "విరాళం సంతోషంగా తీసుకుంటాం సర్. మ్యాచ్ మాత్రం కెనడాలో ఉండేవాళ్ళ సొంత డబ్బుకే."

డబ్బు కట్టి బయటికొచ్చాక సుధాకర్ మీద విరుచుకుపడ్డాను. "ఈ రూల్ నీకు తెలుసా?"

"తెలిసే కదా యెస్ అన్నాను. నిన్నెవరడిగారు బావా? కోర్టులో సాక్షిలా మొదలెట్టావు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే వచ్చేవాడివా?"

వచ్చేవాణ్ణి కాదు. అదే ఇంకా మంట. అదే కరువు, అదే డాలరు. ఒక ఒడ్డున ఇస్తే రెండవుతుంది, ఇంత సంపన్న దేశపు ఒడ్డున ఇస్తే ఒకటిగానే మిగిలిపోతుంది. మధ్యలో ఉన్నది నది కింద మైలు పొడవు సొరంగం. ఇది ఏ ఇంజినీరు గీసిన డిజైనో చెప్పండి.

ఇంటికొచ్చి మా ఆవిడ లలితతో గంటసేపు ప్రభుత్వాలను తిట్టాను. ఆమె కూరగాయలు తరుగుతూ అంతా వింది.

"మరి రెండో ఊరికి ఏం చెబుతారు?"

"ఏం చెప్పను? గవర్నమెంట్ రూల్..."

"గవర్నమెంట్ మాటివ్వలేదండి. మీరిచ్చారు." కత్తి ఆగింది. "గరాజ్‌లోకి లేత్ మెషిన్ కొంటానని దాచుకున్నారే, ఎంతయింది?"

"నాలుగు వేల మూడొందలు."

"సరిపోతుంది," అని మళ్ళీ బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.

కనుక బ్రేకు పెడల్ మీద కాలుంచి ప్రతిజ్ఞ చేస్తున్నాను: నాకు ఓటు వేసే హక్కు లేని ఏ ప్రభుత్వం తరఫునా ఇక జన్మలో హామీ ఇవ్వను.

సొరంగం టోల్, రానుపోను: 16 డాలర్లు. పార్కింగ్: 12. కౌంటర్‌కి వెళ్ళేముందు సుధాకర్‌కి పెట్టించిన బిర్యానీ: 19. నా జేబు నుంచి: 4,180. కెనడా ప్రభుత్వం కలిపినది: సున్నా. లేత్ మెషిన్: లేదు. బోరింగులు: రెండు.