పాయసం గిన్నెలో నగ

మొన్న మా మనవరాలు నాకు కథ చెప్పడానికి కూర్చుని, "ఊ కొట్టు తాతయ్యా, కొట్టకపోతే కథ ముందుకెళ్ళదు" అంది. మురిసిపోవలసిన మాటే, కానీ నాకు వెన్ను జలదరించింది. ఖతార్‌లో ప్రపంచ కప్పు స్టేడియాలు లేస్తున్న రోజుల్లో, ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంప్‌లో గడిచిన ఒక శుక్రవారం మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పట్లో నేను అక్కడి ఆఫీసులో గుమస్తాని. మా సేఫ్టీ మేనేజరు ముసలి ఇంగ్లీషు సారు. ఆయన నాయనమ్మ పడుచుతనంలో లండన్‌లో తీసిన ఒక మూకీ సినిమాలో నటించిందట. దొంగలూ పోలీసులూ ఉన్నా కడుపుబ్బ నవ్వించే సినిమా. ఆవిడది నగ కాజేసి పాయసంలో దాచే పనిమనిషి వేషం. వాళ్ళు దాన్ని మరేదో అంటారు గానీ, మనకి పాయసమే అనుకోండి. సోదాకొచ్చిన పోలీసు ఆ గిన్నె ముందే తినడానికి కూర్చుంటాడు. నాయనమ్మ చిన్నప్పుడు సారుకి ఆ కథ అక్కడిదాకా చెప్పి, నవ్వు ఆపుకోలేక, మిగతాది రేపు అనేదట. ఆ మిగతాది చెప్పకుండానే పోయింది. సినిమా రీలు కూడా ప్రపంచంలో ఎక్కడా మిగల్లేదు.

తెల్లారితే స్వదేశం వెళ్ళిపోతాడనగా సారు నాతో, "నా తర్వాత ఆ కథ అడిగేవాళ్ళు కూడా ఉండరు. అబద్ధమైనా సరే, ఎవరైనా ముగిస్తే బాగుండు" అన్నాడు. నాకు జాలేసింది. ఒగ్గు కథలు చెప్పే ఇంట్లో పుట్టిన జగిత్యాల కాక ఆ క్యాంప్‌లోనే కూలీ, ఆయన దగ్గరికి సారుని తీసుకెళ్ళాను. కాక గదిలో మేం ముగ్గురమే. తక్కినవాళ్ళు కంపెనీ బస్సెక్కి బజారుకి పోయారు. ఏసీ చెడిపోయి, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది. పోలీసు తినడానికి కూర్చునేదాకా నా నోట విని, మిగతాది కాక చెబుతుంటే నేను సారు చెవిలో ఇంగ్లీషులో చెబుతున్నాను.

"నగ పంటికింద తగిలె. పోలీసోడు ఆమెను వట్టుకపోయిండు" అని కాక ఆగాడు. ఎవరూ ఊ కొట్టలేదు. తల గోక్కుని, "కాదు, ఆమెనే గిన్నె గుంజుకొని ఉరికింది" అన్నాడు. అయినా ఊ లేదు. కాసేపు కళ్ళు మూసుకుని నెమ్మదిగా అన్నాడు. "పోలీసోడు నగను దవడకు వెట్టుకొని, ఆమె మొకం జూసి, బెల్లం జర తక్కువైందమ్మా అనుకుంట లేచి పోయిండు."

"ఊ."

నవ్వు బిగబట్టుకున్న ఆడగొంతు. కాక నన్నూ సారునీ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరు కొట్టలే. మీ మొకాలే జూస్తున్న. మరి ఎవలు కొట్టిన్రు?"

నేను తలుపు వైపు చూశాను. సారు మాత్రం మూల ఉన్న ఖాళీ మంచం వైపు తిరిగి టోపీ తీశాడు. ఏడుస్తూనే పెద్దగా నవ్వాడు.

మనవరాలికి ఊ కొట్టాను గానీ, నాకంటే ముందు ఇంకెవరైనా కొడతారేమోనని ఒక్క క్షణం ఆగాను. గడిచిన కాలం ఎక్కడికీ పోదేమో. మనం కథ సరిగ్గా చెబుతున్నామో లేదో వింటూ, పక్క మంచం మీదే కూర్చుని ఉంటుందేమో.