వావిలాకు చాటున

మా దిక్కు నాటు వైద్యం చేసేవాళ్లు ఆకు పేరు చెప్పరు. చెబితే మందు పనిచేయదంటారు. వృక్షశాస్త్రం చదివిన నేను ఆ మాట ఒప్పుకుంటానా? తెలంగాణ వచ్చిన కొత్తలో నార్కట్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని, తలుపులు బార్లా తెరిచి, అందరి ముందే మందు నూరడం మొదలుపెట్టాను. అడగనివాళ్లకు కూడా ఆకు పేరు చెప్పేదాన్ని.

ఒకరోజు మేకలు కాసే పెద్దావిడ మోకాళ్ల నొప్పులని వచ్చి, రోట్లోకి తొంగిచూసింది.

"గిదేం ఆకు బిడ్డా?"

"వావిలి, పెద్దమ్మా. మీ వాగొడ్డున మస్తుంటది."

"మా మేకలు సుత మూతిపెట్టని వావిలా? గీ దానికా నేను బస్సెక్కి వచ్చింది?"

"మేకలకు మోకాళ్ల నొప్పులు లేవు గద!"

"పనిచేసే మందైతే నువ్వెందుకు చెప్తవ్?" అని లేచి, పక్క సందులోని వైద్యుడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయనా అదే ఆకు నూరుతాడు, కాకపోతే పరదా వెనుక. పొద్దున్నే ఈ ఊరి వాగు దగ్గర ఇద్దరం ఒకే పొద మీద వంగుతాం.

మరునాడు ఆ పొద దగ్గరే ఆయన ఎంతో ప్రేమగా, "అక్కా, నువ్వు గిట్లనే పేర్లు చెప్పుకుంట ఉండు. నా గిరాకీ మంచిగైతాంది" అన్నాడు.

నా గిరాకీ పడిపోయి, గది ఖాళీ చేసే దాకా వచ్చింది మరి. సాయంత్రానికల్లా గుమ్మానికి మందపాటి పరదా కట్టాను. ఇప్పుడు కిరాయికి ఫికర్ లేదు. లోపల వాదించడానికి ఎవరూ దొరకరన్నదే నా బాధ.