రాజకుమారి బాగుచేసుకున్న టెంట్ హౌస్ బండి

విద్యాసాగర్ చనిపోయిన కొద్ది రోజులకే ఆయన టెంట్ హౌస్ సామానంతా అమ్ముడుపోయింది. శామియానాలు, మడత కుర్చీలు, వంటకు వాడే పెద్ద గుండిగలు అన్నీ అంబర్‌పేట్ నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కుపోయాడు. పికప్ బండిని మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది వద్దక్కా" అన్నాడు. అది చిక్కడపల్లిలోని విద్యాసాగర్ ఇంటి వాకిట్లో, గేటుకూ ప్రహరీకీ మధ్య, రెండు వానాకాలాలు నిలబడిపోయింది.

ఇంట్లో మిగిలింది చెల్లెలు రాజకుమారి ఒక్కతే. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. అన్నాచెల్లెళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా మెల్లగా అడగడం మానేశారు. రోజూ పొద్దున కుర్చీలు దింపడానికి వెళుతూ విద్యాసాగర్ ఆమెను కాలేజీ దగ్గర దించేవాడు. బండిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆయనకు రేడియో ఉంటే చాలు, ఆమెకు కిటికీ ఉంటే చాలు. ఆయన గుండెపోటుతో పోయాక ఆమె నడిచే వెళ్లేది. దూరమేమీ కాదు. కానీ కాలేజీకి సెలవులిస్తే, ఆమె గొంతు ఆమెకే వినపడకుండా గడిచిపోయే రోజులు ఉండేవి.

"ఎలుకలు మా ఇంట్లకొస్తున్నయ్ రాజక్కా. ఆ డబ్బాను పాత ఇనుపోళ్లకు ఇచ్చెయ్యరాదు?" అంది పక్కింటి విజయశ్రీ, గోడ మీద నుంచి.

ఆ మాటా నిజమే అనిపించి రాజకుమారి ఇనుప సామాను అతన్ని పిలిపించింది. అతను వచ్చీ రాగానే తలుపు ఊడదీద్దామని మడతబందు మీద సుత్తితో ఒక్కటిచ్చాడు. తలుపు కిర్రుమని వేలాడింది.

"ఆగు! కొట్టకు," అంది.

"ఏమైందమ్మా? మీరే కదా పిలిచింది?"

"పిలిచిన. ఇప్పుడొద్దంటున్న. పో బాబూ."

ఎందుకు వద్దందో ఆమెకే తెలియలేదు. మర్నాడు ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతుంటే తెలిసింది. బండిని బాగుచేయించి తనే నడపాలి.

కవాడిగూడ మెకానిక్ క్రాంతికుమార్‌కు ఆ బండి పాత పరిచయమే. వచ్చి బానెట్ ఎత్తి, కిందికి దూరి, బట్టలు దులుపుకుంటూ లేచాడు.

"ఇంజన్ మంచిగనే ఉన్నదక్క. ఫ్లోరంతా తుప్పు తినేసింది. వైర్లు ఎలుకలు కొరికినయ్. బాగుచేసి ఎవరికి అమ్ముతవ్?"

"ఎవరికీ అమ్మను. నేనే నడుపుత. రోజు కాలేజికి."

అతను నవ్వలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పి చూశాడు. "స్టీరింగ్ మస్తు బరువుంటది మరి. సరే, షెడ్డుకు తీస్కపోత."

"వద్దు. ఇక్కడ్నే చెయ్యి. నాకు చేతనైంది నేన్గూడ చేస్త."

అట్లా మొదలైంది. అతను ఆదివారాలు వచ్చి ఇంజను విప్పి శుభ్రం చేసేవాడు, వైర్లు లాగేవాడు, కింద కొత్త రేకు అతికేవాడు. మిగతా రోజుల్లో సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఆమె పాత చీర చుట్టుకుని వాకిట్లో కూర్చుని గరుకు కాగితంతో తుప్పు గీకేది. గీకిన చోట మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూసేది. ఎదురింటి పైభాగం హాస్టలు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు డాబా మీద అటూ ఇటూ నడుస్తూ రాజ్యాంగం, నదులు, పథకాలు పైకి చదివేవారు. వాళ్లు ఆమె కోసం చదవడం లేదు. ఆమెను చూసేవారు కూడా కాదు. అయినా ఆ గొంతులు వినిపిస్తున్నంతసేపూ ఆమెకు పని చేయబుద్ధయ్యేది. వాళ్లు భోజనాలకు దిగిపోగానే తనూ లేచేది.

గోళ్లలో ఎర్రరంగు చూసి కాలేజీలో తోటి ఉద్యోగి అంబిక అడిగింది, "ఏంది మేడం, ఇంటికి రంగులేస్తున్నరా?"

"ఆ, గట్లాంటిదే," అంది రాజకుమారి. ఇంకో మాట అడిగితే చెప్పేదే. అంబిక అడగలేదు.

మధ్యలో ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరి చిన్న కారు మీద నేర్చుకుంది. లైసెన్సు వచ్చింది. తీరా బండిలో కూర్చుంటే కాలు క్లచ్ దాకా అందలేదు. సీటు ముందుకు జరుపుదామంటే కదలదు. విద్యాసాగర్ పొడుగాటి మనిషి. ఆయనకు సరిపడా వెనక్కి జరిపిన చోటే బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి.

"కోసెయ్యాలక్కా. వేరే తొవ్వ లేదు," అన్నాడు క్రాంతికుమార్, గ్రైండర్ చేతిలో పట్టుకుని.

బిగుసుకుపోయిన బోల్టులను ఆమె ఒకసారి వేలితో తడిమి చూసింది. తర్వాత "కొయ్యి" అని లోపలికి వెళ్లి స్టవ్ మీద టీ పెట్టింది. గ్రైండర్ చప్పుడు ఆగేదాకా బయటికి రాలేదు.

సీటు ముందుకు జరిగింది. ఆమె ఎక్కి తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. ఇల్లంతా అదిరింది. ఎవరికో చెప్పాలన్నట్టు ఆమె ఎడమవైపు తిరిగింది. ఇన్నేళ్లూ తను కూర్చున్న సీటు అది. అన్నకు రోజూ అటు తిరిగితే తను కనిపించేదన్నమాట. తనకు ఎవరూ కనిపించడం లేదు. క్రాంతికుమార్ బయట నిలబడి పొగ రంగు చూస్తున్నాడు.

"సూపరున్నదక్కా!" అని అరిచాడు. ఆమె తలూపింది.

బండికి ఫిట్‌నెస్ పరీక్ష కూడా అయ్యాక రోజూ బండిలోనే వెళ్లసాగింది. నేరుగా వెళితే కాలేజీ మరీ త్వరగా వచ్చేస్తోందని అశోక్‌నగర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లేది. కొన్నాళ్లు అంబికను అడిక్‌మెట్ దాకా దించింది. తర్వాత అంబిక వాళ్లాయన స్కూటర్ కొన్నాడు.

ఒక వాన పొద్దున అశోక్‌నగర్‌లో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆటోలు ఆగిపోయాయి. ఎత్తుగా ఉన్న పికప్ మెల్లగా నీళ్లు చీల్చుకుంటూ పోతోంది. ఒక అమ్మాయి అద్దం మీద గట్టిగా కొట్టింది.

"ఆంటీ, నారాయణగూడల ఎగ్జామున్నది. జర దించుతరా?"

రాజకుమారి బండి ఆపి తలుపు తీసింది. అమ్మాయి ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, చున్నీ కింద దాచిన హాల్ టికెట్ తడవలేదని చూసుకుంది. పేరు సంధ్య అని, వాళ్లది సిరిసిల్ల దగ్గర ఊరని చెప్పింది.

"చదివినవా మంచిగ?"

"చదివిన ఆంటీ. భయమైతున్నది." కాస్త ఊపిరి తీసుకుని క్యాబిన్ అంతా చూసింది. "ఈ బండి మీదేనా?"

ఇంతకుముందు ఎవరడిగినా రాజకుమారి "మా అన్నది" అనేది.

"నాదే," అంది.

పరీక్ష సెంటర్ గేటు దగ్గర సంధ్య దూకినట్టు దిగి వానలో పరుగెత్తింది. తలుపు సరిగా పడలేదు. రాజకుమారి అటు వంగి మళ్లీ లాగి వేసుకుంది. ఫోన్ నంబరు అడిగి ఉండాల్సింది అనుకుంది. కోచింగ్ సెంటర్లున్న అశోక్‌నగర్ సందుల్లో అలాంటి చున్నీలు, అలాంటి సంచులు ఎన్నో కనిపిస్తాయి. ఆ అమ్మాయి మళ్లీ కనిపించలేదు. పరీక్ష ఏమైందో తెలియదు.

వచ్చే వేసవికి రాజకుమారి రిటైరవుతుంది. "ఇగ అప్పుడు బండెందుకక్కా నీకు?" అంటోంది విజయశ్రీ. రాజకుమారి మాత్రం రోజూ సాయంత్రం గేటు మూసి, మళ్లీ వచ్చి బండిలో కూర్చుంటుంది. చల్లారుతున్న ఇంజను టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయాక దిగి ఇంట్లోకి వెళుతుంది.