పంతొమ్మిది అంగుళాల కుర్చీ

నేను చదువుకున్నది ఒకే గది ఉన్న పల్లెటూరి బడిలో. ఎనిమిది తరగతులకూ కలిపి ఒకే పంతులమ్మ, ఒకే బొగ్గుల పొయ్యి. అయినా యూనివర్సిటీలో ముప్ఫై మూడేళ్లు ఉన్నాను. కొత్తవాళ్లకు ఈ మాట చెప్పి కాసేపు ఆగుతాను. ఏ ప్రొఫెసరో అనుకుని వాళ్లు కళ్లు పెద్దవి చేశాక, కినీసియాలజీ విభాగం అంటాను. మనిషి ఒళ్లు ఎలా కదులుతుందో చదివే చోటు అది. అక్కడ నేను సామాన్ల గది కిటికీ దగ్గర కూర్చుని తువ్వాళ్లు ఇచ్చేవాణ్నని మా ఆవిడ మార్తా చెబుతుంది, ఎవరూ అడక్కపోయినా.

నా ఘనకార్యాలు ఇంకా ఉన్నాయి. మా ఊరి వేసవి పండగలో గోనెసంచి పరుగు వరసగా మూడేళ్లు గెలిచాను. మూడో ఏడు పరిగెత్తింది ఇద్దరమే, ఆ రెండోవాడికి గవదబిళ్లలు. మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్‌లో మా జట్టు నాలుగూళ్ల పోటీలో రెండో స్థానం తెచ్చుకుంది. ఫోటోలో ఎడమ చివర ఉన్నది నేనే. ఆటలో మాత్రం లేను, కోట్లు పట్టుకున్నాను.

అసలైనది ఒక్కటుంది. నా కిటికీలోంచి వెళ్లిన వస్తువు ఏదీ ముప్ఫై మూడేళ్లలో కొలత తప్పలేదు. కీళ్ల వంపు కొలిచే పరికరాలు, పిడికిలి బలం చూసే యంత్రాలు, బరువులు, గడియారాలు, ప్రతి సోమవారం అన్నీ సరిచూసేవాణ్ని. ‘ఓరెస్ట్ ఇచ్చాడంటే కొలవక్కర్లేదు’ అని నా గురించి పై తరగతి పిల్లలు కింది తరగతి వాళ్లకు చెప్పుకునేవారు. ఇందులో గవదబిళ్లలు లేవు, కోట్లు లేవు.

ఆ పిల్లల సంగతి చెప్పాలి. మొదటి ఏడు సెప్టెంబరులో ఒకరి మోకాలి మీద ఒకరు పెన్నుతో గీతలు గీయమంటే సిగ్గుతో చచ్చిపోతారు. ఫిబ్రవరికల్లా వరండాలో పిజ్జా తింటూ ఒకరి నడుం కొవ్వు ఒకరు పట్టకారుతో కొలుచుకుంటూ ఉంటారు. శుక్రవారం కట్లు కట్టడం నేర్చుకునే రోజు. ఆ దారిన పోయినవాడి చీలమండ క్షేమంగా ఇంటికి పోదు. ఎన్నోసార్లు రెండు కాళ్లకూ కట్లతో ఇంటికి పోయాను. మార్తా వంటింటి కత్తెరతో కోసేది, వెంట్రుకలతో సహా. చలి సున్నాకు ముప్ఫై ఎనిమిది డిగ్రీల కిందికి పడిపోయే వారంలో, వీడ్కోలు విందు ఖర్చు కోసం నాలుగో ఏడు పిల్లలు ఆలుగడ్డ ముద్ద కూరి కజ్జికాయల్లా మడిచే పిరోగీలు చేసి అమ్ముతారు. అంచులు నొక్కడం నేర్పింది నేనే. బొటనవేలిలో ఉన్న కండరాల పేర్లన్నీ గడగడా చెప్పే పిల్ల, అదే బొటనవేలితో ఒక పిరోగీ మూయలేదు. మా ఉక్రేనియన్ ఇళ్లలో తాతను పిలిచినట్టు వాళ్లంతా నన్ను ‘గీదో’ అనేవారు.

రిటైరయ్యేటప్పుడు కిటికీ పక్కన నా పేరుతో ఇత్తడి పలక పెడతారనుకున్నాను. గోడ మీద చోటు కూడా చూసి పెట్టుకున్నాను. అందరూ సంతకాలు చేసిన తువ్వాలు ఇచ్చారు.

మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాను, ఈసారి ముసలివాడిగా. నాలుగో ఏడులో ఒక్కో విద్యార్థికీ ఊళ్లోంచి ఒక్కో పెద్దమనిషిని అప్పగిస్తారు. మొదటి వారం పరీక్ష, పన్నెండు వారాలు కసరత్తు, చివర మళ్లీ అదే పరీక్ష. నాకు డానికా ఫ్రీసెన్ దొరికింది. పొలం నుంచి నలభై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ వచ్చేది. నా ప్రతి అడుగూ నోటుబుక్కులో రాసుకునేది. ఫిజియోథెరపీ చదవాలని ఆమె ఆశ. దానికి ఈ క్లాసు చెప్పే ప్రొఫెసర్ ఓల్సెన్ మేడమ్ సిఫారసు లేఖ కావాలి. ఆ లేఖ రావాలంటే నా కాళ్లకు బలం రావాలి.

కాళ్ల బలం పరీక్ష తేలిక. చేతులు గుండెకు కట్టుకుని, ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చుంటామన్నదే లెక్క. కుర్చీ సీటు నేల నుంచి పదిహేడు అంగుళాలుండాలి. అలాంటివాటి కాళ్లకు గుర్తుగా తెల్ల రంగు పట్టీలు వేసింది కూడా నేనే.

నా మొదటి పరీక్షకు ముందు రోజు, నాలాగే వచ్చిన వాల్టర్ క్లాసెన్ పదిహేనుసార్లు లేచాడు. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైనవాడు, నాకంటే మూడేళ్లు పెద్ద. ఆ పదిహేను గురించి కాఫీ దగ్గర నాలుగుసార్లు చెప్పాడు. నాకు డెబ్భై ఆరు, కుడి మోకాలు సామాన్ల గది నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి కిర్రుమంటూనే ఉంది. అందుకని డానికా కాగితాలు సర్దుకుంటుంటే, కుర్చీ నేను తెస్తానులే అమ్మాయ్ అని సామాన్ల గదిలోకి వెళ్లాను. వెనక మూలలో ఒక పాత కుర్చీ ఉంది. దాని సీటు పంతొమ్మిది అంగుళాలు; ఎత్తు పెరిగితే లేవడం తేలిక. ఆ సంగతి తెలిసిన ప్రాణిని లోకంలో నేనొక్కణ్నే. దీనికి పట్టీ లేదేమని డానికా అడిగితే, చెరిగిపోయిందన్నాను. ఆమె టేపు తీయలేదు. ఓరెస్ట్ ఇచ్చాడు కదా.

పదిహేడుసార్లు లేచాను. కాఫీ దగ్గర ఆరుసార్లు చెప్పాను.

ఇక్కడ నా తెలివితేటలు చూడండి. పన్నెండు వారాల్లో ఆ కుర్చీ సంగతి నేనే మర్చిపోయాను. ఆ పదిహేడు నా కాళ్లదేనని మనస్ఫూర్తిగా నమ్మాను. చివరి పరీక్షకు ఛాతీ విరుచుకుని వెళ్లేసరికి, డానికా తెల్ల పట్టీ కుర్చీ వేసి సిద్ధంగా ఉంది. కూర్చున్నాను. నేల కిందికి జారిపోయినట్టనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది.

పన్నెండు. కాసేపు ఆగి మళ్లీ చేశాం. పదకొండు.

డానికా నోటుబుక్కు మొదటి నుంచి తిరగేసింది. తను పెట్టిన బరువులు, రోజులు, విశ్రాంతి, అన్నీ మళ్లీ లెక్క చూసుకుంది. తర్వాత పుస్తకం మూసేసింది.

“మీ మోకాలు నేనే పాడుచేశాను గీదో. మరీ ఎక్కువ చేయించేశాను. గురువారం మేడమ్‌కి అదే చెప్తాను. లెటర్ అడగనింక.”

అప్పుడు చెప్పవలసింది. నేనన్న మాట ఇది: “వయసు కదమ్మా.”

ఇంటికొచ్చి మౌనంగా బీట్‌రూట్ సూపు తాగుతుంటే మార్తాకు అనుమానం వచ్చింది. నా నంబరు నేను చెప్పుకోకుండా భోజనం ముగించడం మా కాపురంలో అదే మొదటిసారి. నెమ్మదిగా అంతా బయటికి లాగింది.

“ఆ పిల్లతో ఏమన్నావ్?”

“వయసు అన్నాను.”

“అబద్ధమాడింది నీ వయసా, నువ్వా?” అంది మార్తా. గిన్నె తీసేసింది, సూపు ఇంకా సగముంది.

గురువారం ఫలితాల ప్రదర్శన. పాత జిమ్ నిండా బోర్డులు. విద్యార్థులు తమ తమ బోర్డుల పక్కన ఇస్త్రీ బట్టల్లో నిలబడ్డారు. ముసలివాళ్లమంతా కాఫీ కప్పులతో తిరుగుతున్నాం. డానికా బోర్డు మీద నా ఫలితాల గీత జారుడుబల్లలా కిందికి దిగింది. వాల్టర్ దాని ముందే నిలబడి తీరిగ్గా చదువుతున్నాడు. ప్రొఫెసర్ ఓల్సెన్ వచ్చింది. తన ప్రణాళికలోనే తప్పుందని డానికా మొదలుపెట్టింది.

నాకు రెండు దారులున్నాయి. ఆ పిల్ల లేఖ పోగొట్టుకోవడం ఒకటి. నాకున్న ఒకే ఒక్క నిజమైన ఘనత నేను పోగొట్టుకోవడం రెండోది. సామాన్ల గదికి వెళ్లి, ఆ పాత కుర్చీ మోసుకొచ్చి మధ్యలో పెట్టాను.

“ఒక్క నిమిషం మేడమ్. ముందు దీన్ని కొలవండి,” అన్నాను.

ప్రొఫెసర్ టేపు తీసింది. పంతొమ్మిది. మొదటి పరీక్ష దీని మీదే చేశానని, తెలిసే తెచ్చుకున్నానని చెప్పాను.

“ఏరా ఓరెస్ట్, మరి నా పదిహేను?” అన్నాడు వాల్టర్. “నాకూ ఇలాంటిదే వేశారా?”

“నీది అసలైనదేరా. అందుకే నాకు ఇది కావాల్సొచ్చింది.”

ప్రొఫెసర్ డానికా వైపు తిరిగి, కొలవలేదా అని అడిగింది. గీదో ఇచ్చారు కదా అని కొలవలేదని డానికా తల దించుకుంది. ప్రొఫెసర్ టేపు చుట్టేసింది. ఇరవై రెండేళ్ల కిందట ఆమె కూడా నా కిటికీ దగ్గర వరసలో నిలబడిన పిల్లే.

“నేనూ ఎప్పుడూ కొలిచేదాన్ని కాదు,” అంది.

తిట్టినా బాగుండేది.

మంగళవారం, మొదటి పరీక్షతో సరిపోల్చడానికి, అదే పంతొమ్మిది అంగుళాల కుర్చీ మీద మళ్లీ పరీక్ష పెట్టారు. క్లాసంతా వచ్చింది, మార్తా కూడా వచ్చింది. డానికా కుర్చీని నాలుగు వైపులా కొలిచి, రాసుకుని, మళ్లీ కొలిచింది. నేను లేస్తుంటే పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. పదిహేడు దగ్గర మోకాలు కిర్రుమంది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవయ్యోసారి సగం లేచాక గంట మోగింది.

“ఇరవై రాయొచ్చు కదమ్మా,” అన్నాను, అలవాటు కొద్దీ.

“పూర్తిగా లేవలేదు గీదో,” అని పంతొమ్మిదే రాసింది.

అంటే పదిహేడు పంతొమ్మిదైంది. ఆమె నా కాళ్లు పాడుచేయలేదు, బాగుచేసింది. కుర్చీ కొలవనందుకు మార్కులు తగ్గించారు. అది న్యాయమేనని డానికాయే అంది. లేఖ మాత్రం వచ్చింది.

ఆ కుర్చీని ఇప్పుడు సామాన్ల గది కిటికీ పక్కన గోడకు తగిలించారు. సరిగ్గా నేను పలక కోసం చూసి పెట్టుకున్న చోటే. దానికి ఒక అట్ట కట్టి ఉంది: ‘ఓరెస్ట్ కుర్చీ. పంతొమ్మిది అంగుళాలు. పరీక్షలకు వాడరాదు. ఎవరిచ్చినా కొలుచుకోండి.’ కొత్తగా చేరిన పిల్లలు అది చదివి, ఓరెస్ట్ అంటే ఎవరని అడుగుతుంటారు. నేను దగ్గర్లో ఉంటే, కాసేపు ఆగి చెబుతాను. మార్తా పక్కనుంటే మాత్రం ఆగనివ్వదు.