బాపు హైదరాబాదు చూపించిన రోజు

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం బాపు, అంటే మా నాన్న, ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "రేపు పొద్దుగాల హైదరాబాద్ పోదం. పిల్లలకు జూ, చార్మినార్, ట్యాంక్‌బండ్ అన్ని చూపెడ్త" అన్నాడు. ఐదేళ్ల తమ్ముడు ఎగిరి గంతేశాడు. బీడీల చేట ఒడిలో పెట్టుకుని కూర్చున్న అమ్మ చేతిలోంచి ఆకు జారిపోయింది. నేను పోయి అమ్మ కొంగు పట్టుకున్నాను.

రాజధాని చూడబోతున్నామంటే ఏ పిల్లకైనా సంబరంగా ఉండాలి. మాకెందుకు భయమేసిందో చెప్పాలంటే ఆ ఏడు మా వాడ ఎలా ఉండేదో చెప్పాలి. మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచెలంటాం. బాపు సాంచెల మీద పని చేసేవాడు. ఆ ఏడు ఒక్కో షెడ్డుకూ తాళం పడుతూ వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్లలం కాబట్టి, అది ఆగిపోయాక మాకు నిద్ర పట్టేది కాదు. కొందరు మగ్గం పనికి భివండి పోయారు, కొందరు సూరత్ పోయారు. పోలేనివాళ్లు ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నారు. అలా కూర్చున్నవాళ్లలో కొందరు ప్రాణం తీసుకున్నారు.

మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆయన అంతే. నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడనివాడు, ఒక సోమవారం పెళ్లాం పిల్లలను వేములవాడ గుడికి తీసుకుపోయి కోడె మొక్కు తీర్చుకున్నాడు. బిడ్డకు ఎర్ర గౌను కొన్నాడు. ఆ బిడ్డ నా క్లాసే. బడికి వచ్చి గౌను అంచు పట్టుకుని గిర్రున తిరిగి చూపించింది. బుధవారం వాళ్లింటి ముందు జనం ఉన్నారు. తర్వాత వెనక వీధిలో ఇంకొకాయన పిల్లలకు కడుపునిండా మిఠాయి తినిపించి పోయాడు. అప్పట్నుంచి మా వాడ ఆడవాళ్లకు ఒక లెక్క తెలిసిపోయింది. ముభావంగా ఉన్న మగమనిషి ఉన్నట్టుండి పిల్లలను ముద్దు చేస్తే సంతోషించకూడదు, కనిపెట్టుకుని ఉండాలి. మా నాన్నలు తిడితే మాకు ధైర్యంగా ఉండేది, ప్రేమగా మాట్లాడితే భయమేసేది. ఇది పిల్లలకు రావలసిన బుద్ధి కాదు, కానీ వచ్చింది.

బాపు మూడు నెలలుగా మాతో నాలుగు మాటలు మాట్లాడలేదు. అలాంటివాడు చార్మినార్ అన్నాడు.

పొద్దున్నే నాకు జడ వేస్తూ అమ్మ చెవి దగ్గర చెప్పింది. "బాపు చెయ్యి ఇడువకు. ఎత్తు మీదికి ఎక్కనియ్యకు. నీళ్లకాడికి పోతే గట్టిగ ఏడువు. ఎందుకు ఏడుస్తున్నవంటే చెప్పకు."

"బాత్రూముకు పోతే?" అన్నాను.

"బయట నిలబడు. లోపలికెంచి మాట్లాడుమను."

పోకుండా ఉండొచ్చు కదా అని అడిగాను. మనం రామంటే ఒక్కడే పోతడేమో అంది అమ్మ. జడ ఎంత బిగించి వేసిందంటే సిద్దిపేట దాటేదాకా నా కనుబొమలు నొప్పి పెట్టాయి.

బస్సులో బాపు పక్కన నేను కూర్చున్నాను. ఆయన చెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకున్నాను. ఎప్పుడూ ఉండే గడియారం లేదు, అది ఉండే చోట ఎండ తగలని చర్మం మాత్రం ఉంది. ఛార్జీలకు అమ్మేశాడని నాకు తెలిసింది. అమ్మకు చెప్పలేదు. చెబితే బస్సు ఆపించేదేమో. బాపు నా వంక చూసి, "ఏందే, నేను తప్పిపోతననా?" అని నవ్వాడు. ఆయన నవ్వడం నాకు బొత్తిగా నచ్చలేదు.

జూలో తమ్ముడికి పట్టపగ్గాలు లేవు. పులి దగ్గర బాపు వాణ్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. "పులికి సద్ది ఎవలు గడ్తరు బాపు?" అని అడిగాడు వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, బాపు కూడా నవ్వాడు. నేను పులిని చూడలేదు. దాని ముందున్న కందకం ఎంత లోతుందో చూశాను, బాపు కాళ్లకూ గోడకూ మధ్య ఎంత దూరం ఉందో చూశాను. ఏనుగు దగ్గరా అంతే, జిరాఫీ దగ్గరా అంతే. మొసళ్ల చెరువు దగ్గరకు పోదామన్నప్పుడు మాత్రం అమ్మా నేనూ ఒకేసారి వద్దన్నాం. తమ్ముడు నేల మీద పడి దొర్లాడు. నాకు వాడి మీద ఎంత కోపం వచ్చిందంటే, బాపు చూడకుండా తొడ మీద గిల్లాను. వాడొక్కడే ఆ రోజు నిజంగా హైదరాబాదు చూశాడు, అదే నా కోపం.

చార్మినార్ దగ్గర బాపు, "పైకెక్కితే శహరు మొత్తం కనబడతది" అన్నాడు. పైకి అనగానే నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. కడుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. "కడుపు నొస్తుంది" అన్నాను. అబద్ధమాడదామనుకున్నాను గాని నిజంగానే నొప్పి మొదలైంది. బాపు నన్ను ఎత్తుకుని నీడలో కూర్చోబెట్టి, పరుగున పోయి నిమ్మసోడా తెచ్చాడు. ఆయన పోయి వచ్చే ఆ కాసేపూ అమ్మ నిలబడి, మునివేళ్ల మీద లేచి, జనంలో ఆయన తల ఎక్కడుందో చూస్తూనే ఉంది. ఆ సోడా నేను తాగలేకపోయాను. చార్మినార్ ఎలా ఉంటుందని తర్వాత బడిలో అడిగితే, కింద గచ్చు నున్నగా ఉంటుందని చెప్పాను.

పొద్దు వాలుతుండగా ట్యాంక్‌బండ్ మీదికి వచ్చాం. వద్దనడానికి అమ్మ దగ్గర ఇంక సాకులు మిగల్లేదు. నీళ్లు గట్టు దాకా ఉన్నాయి. బాపు రెయిలింగు మీద రెండు మోచేతులూ ఆనించి, ముందుకు వంగి, నీళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. చేతులు రెండూ రెయిలింగు మీద ఉండడంతో నాకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. చొక్కా పట్టుకున్నాను. అది పాత చొక్కా, గట్టిగా లాగితే చినిగిపోతుంది. ఆయన ఇంకొంచెం వంగాడు. నేను ఏడ్చాను. అమ్మ ఏడవమందని ఏడవడం మొదలుపెట్టాను, తర్వాత ఆపుకోవడం నా వల్ల కాలేదు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

"ఏమైందే? కడుపు నొస్తుందా?" అని బాపు కిందికి కూర్చున్నాడు. నేను చెప్పలేదు. తమ్ముడు చెప్పాడు. నిద్రపోతున్నాడనుకున్నాం గాని, పొద్దున జడ వేస్తున్నప్పుడు వాడు అంతా విన్నాడు. "నువ్వు నీళ్లల్ల దుంకుతవని అమ్మ చెప్పింది. గందుకే ఏడుస్తుంది" అన్నాడు, పల్లీలు నములుతూ.

బాపు అమ్మ వైపు చూశాడు. "పిల్లలకు గిసొంటియి చెప్తరా?" అన్నాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? పిల్లలకు నాలుగు జాగలు చూపెడుదామని తీస్కస్తే గిట్లనా?"

అమ్మ గొంతు పెంచలేదు. "గదంత నాకెందుకు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. గసొంటి ఆలోచన లేదని ఒట్టెయ్యి" అంది.

మా ఇళ్లలో దేవుడి మీద ఒట్టు వేసి అబద్ధమాడినవాళ్లు లేకపోలేదు. తాగనని వేములవాడ రాజన్న మీద ఒట్టేసి ఆ సాయంత్రమే కల్లు దుకాణంలో కనిపించినవాళ్లు బోలెడుమంది. దేవుడు పెద్ద మనసు చేసుకుంటాడు. కానీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధం చెబితే ఆ బిడ్డ బతకదు. ఇది అందరూ నమ్మేవారు. నేనూ నమ్మేదాన్ని.

బాపు చెయ్యి లేచింది. నా తల మీదికి వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూ నిలబడ్డాను. పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకుని ఉన్నాడు. చలి వేసినవాడిలా ఉన్నాడు.

అమ్మ అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది. నాకు అంతా అర్థమైంది. పొద్దుట్నుంచి మేం భయపడింది ఉత్తుత్తి భయం కాదు. ఒక్క అబద్ధంతో అయిపోయేది, కానీ నా ప్రాణానికి ముప్పని ఆయన ఆ అబద్ధం ఆడలేదు. నా మీద అంత ప్రేమ ఉన్నవాడు నన్ను విడిచిపోదామని ఎలా అనుకున్నాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ క్షణాన మాత్రం ఆయన మీద ఒళ్లు మండిపోయింది. కొట్టాలనిపించింది. కొట్టాను కూడా, భుజం మీద రెండు చేతులతో. ఆయన ఆపలేదు.

బుద్ధుడి విగ్రహం దగ్గర దీపాలు వెలిగాయి. తమ్ముడు పడవ ఎక్కుతానన్నాడు.

బాపు చంకలోంచి చెయ్యి తీశాడు. "ఇయ్యాల్టికైతే ఏస్త" అన్నాడు. "ఇయ్యాల్టికి ఒట్టు." ఈసారి చెయ్యి పడింది. బరువుగా ఉంది.

"రేపు?" అంది అమ్మ.

"రేపటిది రేపు."

మర్నాడు సిరిసిల్లలో బాపు లేవకముందే అమ్మ నన్ను లేపి, ఆయన చాప పక్కన కూర్చోబెట్టింది. ఆయన కళ్లు తెరవగానే నేను తల వంచాను. "ఇయ్యాల్టికి" అన్నాడు. ఇలా రోజూ. కొన్ని రోజులు కళ్లు తెరవగానే చెయ్యి వచ్చేది. కొన్ని రోజులు అటు తిరిగి పడుకునేవాడు. అప్పుడు నేను చెయ్యి పడేదాకా బడికి పోకుండా తల వంచుకుని అక్కడే కూర్చునేదాన్ని. మాస్టారు ఆలస్యమెందుకైందని కొడితే చెయ్యి చాపేదాన్ని గాని చెప్పేదాన్ని కాదు.

ఆరు నెలలకు కోరుట్లలో ఉండే మేనమామ దుబాయి వీసా చూశాడు. బాపు బయల్దేరిన రోజు బస్టాండులో అమ్మ నన్ను ముందుకు తోసింది. "గీ ఒట్టు ఎన్ని రోజులకు?" అని అడిగింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు లెక్క పెట్టుకున్నట్టు నిలబడ్డాడు. "మళ్ల అచ్చేదాక" అన్నాడు. బస్సు కదిలింది. దుబాయిలో కట్టడాలు ఎంత ఎత్తుంటాయో ఫోటోల్లో చూశాను నేను. ఫోన్ వచ్చినప్పుడల్లా ముందు నేనే ఎత్తేదాన్ని, గొంతు వినగానే అమ్మకు ఇచ్చేసేదాన్ని.

రెండేళ్లకు వచ్చాడు. ఆటో దిగాడు, జుట్టు పలచబడింది. తమ్ముడు సూట్‌కేసు మీద పడ్డాడు. అమ్మ నీళ్ల చెంబు ఇచ్చింది, దాన్ని పక్కన పెట్టి బాపు నన్ను పిలిచాడు. అప్పటికి నేను ఆయన భుజం దాకా పెరిగాను.

"ఒట్టు ఒడిసిపోయింది బిడ్డా" అన్నాడు. "మళ్ల ఏస్త."

తల వంచాను. చెయ్యి పెట్టాడు. ఈసారి ఎంతకాలానికో ఆయన చెప్పలేదు. అడగడానికి నాకు భయమేసింది.