పాత థర్మామీటరు పక్కన కొత్తది

రిటైర్ కావడానికి తొమ్మిదేళ్ల ముందు, ఒక ఆగస్టు నెలలో, ఇల్లినాయ్‌లో నేను పనిచేసే విశ్వవిద్యాలయం నన్ను ధ్రువప్రాంత వాతావరణ కేంద్రాల విభాగానికి సీనియర్ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరుగా మార్చింది. హోదా ఘనంగానే ఉంది. పని మాత్రం గ్రీన్‌లాండ్ మంచు పలక మీద, మనుషులు లేకుండా నడిచే కేంద్రాలను బతికించి ఉంచడం. కేంద్రమంటే భవనం కాదు. ఒక లోహపు స్తంభం, దాని మీద గాలినీ పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచే పరికరాలు, మంచులో పాతిన బ్యాటరీల పెట్టె, గంటకోసారి ఉపగ్రహం ద్వారా మా ఆఫీసుకు రీడింగులు పంపే చిన్న రేడియో. అంతే. పలక నడిబొడ్డున కురిసిన మంచు కరగదు, పేరుకుంటుంది. మనిషి ఎత్తున కట్టిన థర్మామీటరు రెండు మూడేళ్లలో మోకాలి ఎత్తుకు వస్తుంది. అది కిందికి దిగదు, నేలే పైకి లేస్తుంది. అందుకని వేసవిలో ఎవరో ఒకరు వెళ్లి స్తంభానికి కొత్త గొట్టం బిగించి, పరికరాలను మళ్లీ పైకి జరపాలి.

నేను చేరిన తొలి ఏడాదే మా ప్రోగ్రాం మేనేజర్ గ్రెగ్ పాత థర్మామీటర్లన్నీ తీసేసి కొత్తవి పెట్టాలని నిర్ణయించాడు. పాతదాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలు ఒకదానిపై ఒకటి పేర్చిన కవచం ఉండేది. గాలి వీస్తేనే దానికి ఊపిరి. గాలి ఆగిన ఎండపూట, పైనుంచి సూర్యుడూ కిందనుంచి మంచు మీద పడి తిరిగొచ్చే వెలుగూ కలిసి దాన్ని వేడెక్కించేవి. కొత్తదానిలో చిన్న ఫ్యాన్ ఉంది, ఎప్పుడూ గాలి లాగుతూ ఉంటుంది. నిస్సందేహంగా మేలైన పరికరమే.

రెండింటినీ ఒక ఏడాది పక్కపక్కన ఉంచుదామని నేను మీటింగులో అడిగాను. మంచిదాని పక్కన చెడ్డదాన్ని ఎందుకు నిలబెట్టాలని గ్రెగ్ అడిగాడు. ఏది మంచిదన్నది కాదు ప్రశ్న, ఇన్నేళ్ల రికార్డు ఇచ్చింది ఆ చెడ్డదే అన్నాను. విమానంలో బరువు చాలదని, బ్యాటరీ మీద భారం పెరుగుతుందని, కొత్తదానికి ఫ్యాక్టరీ సర్టిఫికెట్ ఉందని అతను వరసగా చెప్పాడు. మరుసటి నెల మళ్లీ అడిగాను. మర్యాదగా మళ్లీ కాదన్నాడు. తర్వాత వచ్చిన వేసవిలో పాతవి దిగాయి, కొత్తవి ఎక్కాయి.

నాలుగేళ్లు గడిచాయి. మా విభాగంలోనే పీహెచ్‌డీ చేస్తున్న హారిక ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని నా గదికి వచ్చింది. ఖమ్మం అమ్మాయి. ఆఫీసులో కూడా నన్ను అంకుల్ అనే పిలిచేది.

“అంకుల్, మన స్టేషన్‌లో సమ్మర్ టెంపరేచర్స్ తగ్గుతున్నయి! చుట్టూ వేరేవాళ్ల స్టేషన్లల్ల ఎక్కడా లేదు ఈ ట్రెండ్. మా ప్రొఫెసర్ ఫుల్ ఎక్సైట్ అయిన్రు.”

గ్రాఫు చూశాను. గీత తగ్గుతూ రాలేదు. ఒకచోట మెట్టు దిగినట్టు దిగి, ఆ తర్వాత అలాగే నడిచింది. ఆ మెట్టు ఏ వేసవిలో ఉందో నేను అడగనక్కర్లేదు.

“గాలి బాగా వీచిన గంటలు వేరు చెయ్యమ్మా” అన్నాను. చేసింది. మెట్టు లేదు. సూర్యుడు ఉదయించని శీతాకాలపు నెలలు వేరు చెయ్యమన్నాను. అక్కడా లేదు. గాలిలేని ఎండవేళలు మాత్రమే మిగిల్చేసరికి మెట్టు రెట్టింపైంది.

చల్లబడింది ఆ చోటు కాదని, పాత థర్మామీటరు ఎండలో ఎక్కువ చూపిన వేడి కొత్తదానిలో లేదంతేనని చెప్పాను.

“ఇది నా మెయిన్ చాప్టర్ అంకుల్. స్ప్రింగ్‌లో థీసిస్ డిఫెన్స్. ఇప్పుడు చెప్తున్రేంది?”

“ఇప్పుడే చూపించావు కదమ్మా.”

“మార్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదా? ఎవ్వరూ అడగలేదా?”

“నేను అడిగాను.”

“మరి?”

“బరువెక్కువన్నారు.”

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. ల్యాప్‌టాప్ మూసి వెళ్లిపోయింది.

ఆమె ప్రొఫెసర్ మొదట నమ్మలేదు. నమ్మాక, అంచనాతో సవరించడానికి వీల్లేదని, అక్కడే రెండింటినీ కలిపి కొలిచిన లెక్క కావాలని అన్నాడు. అది న్యాయమే. అంటే డిఫెన్స్ ఏడాదికి పైగా వెనక్కి. హారిక విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-ట్వంటీ పత్రం పొడిగించుకోవాలి, ఫండింగ్ కోసం తిరగాలి, చేతికొచ్చిన ఒక పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం వదులుకోవాలి. అన్నీ చేసింది. ఆ తర్వాత జరిగిన మీటింగులో, పరికరం మార్చినప్పుడు పాతదాన్ని కొంతకాలం ఎందుకు ఉంచలేదని గ్రెగ్ నన్ను అడిగాడు. నేను అతని ముఖంలోకి చూశాను. నిజంగానే గుర్తులేదు అతనికి. నాకు కోపం రావడానికి కూడా చోటు మిగల్చలేదు.

ఇక పాత థర్మామీటరు కావాలి. కొత్తగా కొంటే లాభం లేదు, అదే కవచం, అదే సెన్సర్ ఉండాలి. మంచు మీదనుంచి తెచ్చినదాన్ని స్టోర్స్ వాళ్లు పనికిరాని సామాన్ల గోడౌన్‌కు పంపేశారు. అదృష్టవశాత్తూ అక్కడ పాత కుర్చీల మధ్య దొరికింది. కానీ ఒకసారి రద్దయిన వస్తువు విశ్వవిద్యాలయం ఆస్తి కాదట, దానికి నంబరు ఉండదట. నంబరు లేనిదే సరుకు రవాణా విభాగం విమానం ఎక్కించదట. ఆస్తుల విభాగానికి వెళితే సరుకు వాళ్లను అడగమన్నారు, సరుకు వాళ్లు ఆస్తుల వాళ్లను అడగమన్నారు. శరదృతువంతా ఆ రెండు భవనాల మధ్యే నడిచాను. చివరికి సరుకు విభాగంలో ఒకావిడ విసుగెత్తి దాన్ని నంబరు అక్కర్లేని ‘విడిభాగం’ అని రాసి దారి ఇచ్చింది.

మంచు మీదికి హారికే వెళ్లాలని నా కోరిక. నాలుగేళ్లుగా ఆ చోటి గాలినీ చలినీ అంకెల్లో చూసిన పిల్ల. కానీ ఆమె పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు దాటింది. గ్రీన్‌లాండ్ వెళితే, తిరిగి రావడానికి కాన్సులేట్‌లో కొత్త స్టాంపు వేయించుకునే అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. “మీరే పొండి అంకుల్. నేను ఇక్కడ స్క్రీన్ ముందు కూసుంట” అంది.

మరుసటి వేసవిలో, చక్రాలకు బదులు మంచు మీద జారే స్కీలున్న చిన్న విమానంలో వెళ్లాను. దూరంనుంచి మబ్బు కమ్ముకొస్తోందని పైలట్ దిగగానే హెచ్చరించాడు, ఇంజిన్లు కూడా ఆపలేదు. స్తంభానికి అడ్డకడ్డీ బిగించి, పాత థర్మామీటరును కొత్తదానితో సమానమైన ఎత్తులో కట్టాను. తీగ కలిపి, రీడింగును అప్పటికప్పుడే పంపే బటన్ నొక్కి, ఉపగ్రహ ఫోనులో హారికను పిలిచాను.

“కొత్తది వస్తోంది అంకుల్. పాతది అస్సలు రావట్లే.”

గోడౌన్‌లో ఎవరో తీగ కొసను లాగి చుట్టేశారు. ప్లగ్గులో ఒక పోగు తెగి ఉంది. ఇల్లినాయ్‌లో పరీక్షించినప్పుడు తెగిన కొసలు ఆనుకుని పనిచేసింది, చలికి ముడుచుకుని విడిపోయింది. చేతితొడుగులు తీసేస్తే తప్ప అంత సన్నని పోగు పట్టు చిక్కదు. తీశాను. పైలట్ చెయ్యి ఊపుతున్నాడు. వేళ్లకు స్పర్శ పోయింది. పోగును పళ్లతో ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టి మళ్లీ బటన్ నొక్కాను.

“వచ్చింది!” అని అరిచింది. తర్వాత గొంతు మారింది. “అంకుల్, పాతది చాలా ఎక్కువ చూపిస్తోంది. అక్కడ ఎండగా ఉందా?”

“ఉంది. గాలి లేదు.”

“నా కూలింగ్ పోయింది అయితే” అంది. నేను విమానం ఎక్కాను. రెండు వేళ్ల కొసలు ఇప్పటికీ చలికాలంలో తిమ్మిరెక్కుతాయి.

ఏడాది రీడింగులు చేతికొచ్చాక తేలింది: ఆ చల్లదనం దాదాపు మొత్తం పరికరానిదే. దాన్ని సవరించే పద్ధతినే హారిక తన చాప్టరుగా మార్చి రాసింది, డిఫెన్స్ అయింది. పోయిన పోస్ట్‌డాక్ తిరిగి రాలేదు. మిషిగన్‌లో, నోవైలోని ఒక కార్ల సంస్థలో చేరింది. మంచు పలకను ఆమె ఇంతవరకూ చూడలేదు.

పరికరం మార్చిన ప్రతిసారీ రికార్డులో అతుకు పడుతుంది. అక్కడ పాతదీ కొత్తదీ కొంతకాలం కలిసి నిలబడకపోతే, తర్వాత ఆ అతుకు కనిపించదు, దాని మీద కట్టినవి మాత్రం కూలతాయి. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు, మీటింగులో రెండుసార్లు చెప్పాను కూడా. నేను నేర్చుకున్నది వేరు. సరైన మాట మీటింగులో చెప్పి ఊరుకుంటే అది అక్కడే ఉండిపోతుంది. అది సరుకుతో పాటు విమానం ఎక్కేదాకా వెంటపడాలి.