ఇంట్లో ఎవరూ పిలవని పేరు

మా ఇంట్లో నన్ను నా పేరుతో ఎవరూ పిలిచేవారు కారు. అది మా తాతగారి పేరు. మొగుడి పేరు నోటితో అనకూడదని మామ్మ, మావగారి పేరు అనకూడదని అమ్మ, కన్నతండ్రిని పేరు పెట్టి పిలిచినట్టుంటుందని నాన్న. ముగ్గురూ కలిసి ఎంతో ప్రేమగా ఆ పేరు నాకు పెట్టి, ఆ తర్వాత దాన్ని భద్రంగా దాచేశారు. మామ్మకి నేను అబ్బాయిని, అమ్మకి చిన్నాని, నాన్నకి ఒరేయ్‌ని. క్రైస్తవులకి ఈ పట్టింపులేమిటండీ అని ఎవరైనా నవ్వితే మామ్మకి నచ్చేది కాదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మర్యాద వదిలేస్తామా అనేది. అలాంటి ఇంట్లో పెరిగానేమో, ఆ పేరు ఇక్కడ రాయడానికి నాకూ చెయ్యి రావడం లేదు.

అది బైబిల్లోని పేరు. పిల్లలు లేని ఒక తల్లి ఏడ్చి, అడిగి తెచ్చుకున్న కొడుకు పేరు. ఆ పిల్లవాడు గుడిలోనే పెరిగాడు. పడుకుని ఉండగా దేవుడు పేరు పెట్టి పిలిస్తే, ముసలి యాజకుడు పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు. ఈ కథ మామ్మ నాకు మధ్యాహ్నాలు చెప్పేది. బందరు చిలకలపూడిలో గిల్టు నగలకి రాళ్లు అతికే పని ఆవిడది. కిటికీ దగ్గర చాప మీద కూర్చుని ఎర్రరాయి, పచ్చరాయి ఏరి గాజు మీద పెడుతూ కథ నడిపేది. నేను ఆ చాప మీదే ఒక పక్కన పడుకునేవాణ్ణి. రాళ్ల మీద పడిన ఎండ గోడ మీద చిన్న చిన్న రంగులై కదులుతుండేది. కళ్లు మూతలు పడుతున్న వేళకి కథ దేవుడు పిలిచే చోటికి వచ్చేది.

అక్కడే మామ్మకి చిక్కు. దేవుడు ఆ పిల్లవాణ్ణి ఏమని పిలవాలి? మామ్మ కథలో దేవుడు "అబ్బాయీ" అని పిలిచేవాడు. గొంతు తగ్గించి, చాలా దూరం నుంచి వస్తున్నట్టు సాగదీసి అనేది. నిద్రకీ మెలకువకీ మధ్య ఆ పిలుపు నాకే అనిపించేది. లేచి చూస్తే మామ్మ తల వంచుకుని రాయి అతుకుతూ ఉండేది. దేవుడు మా బందరు మాటే మాట్లాడతాడని చాలా ఏళ్లు నమ్మాను.

ఈ వ్యవహారం వల్ల బడిలో మొదటిరోజే నా పరువు పోయింది. టీచరుగారు హాజరు పిలుస్తూ ఆ పేరు చదివారు. మళ్లీ చదివారు. చనిపోయిన మా తాతగారిని ఈవిడ ఎందుకు పిలుస్తున్నారా అని నేను అటూ ఇటూ చూశాను. సాయంత్రం విషయం తెలిసి అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు. నా మొహం తుడిచి, రేపటినుంచి ఎవరు పిలిచినా వెంటనే పలకమని చెప్పింది.

పేరుకి అర్థం ఉంటుందని సండే స్కూల్లో తెలిసింది. అక్కడి టీచరుగారు ఒక ఆదివారం పిల్లలందరి పేర్లకీ అర్థాలు చెప్పారు. ఒకమ్మాయి తేనెటీగ అయింది, ఒకడు బండరాయి అయ్యాడు. మా చెల్లెలి పేరుకి గొర్రె అని అర్థం తేలేసరికి అది ఇంటికొచ్చి అన్నం మానేసింది. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ, దేవుడు విన్నాడు అని దాని అర్థమన్నారు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. పరుగున ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. మామ్మ సరేనన్నట్టు తలూపి, ఇంకో రాయి ఏరుకుంది.

తాతగారి గురించి నాకు తెలిసింది కొంచెమే. దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఆయన ఉపదేశి. అంటే ఊరి మందిరంలో వాక్యం చెప్పేవాడు, పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. ఉప్పెనలో పోయారు. అప్పటికి నాన్న చంకలో పిల్లాడు. మామ్మ ఆ పిల్లాణ్ణి ఎత్తుకుని బందరు వచ్చేసింది. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు, దాని ఊసు ఎత్తలేదు. పొద్దున్నే బైబిలు పైకి చదివేటప్పుడు ఆ పేరు వచ్చిన చోటల్లా ఆగి, "ఆయన" అని, ముందుకు వెళ్లేది. అదంతా మర్యాదేననుకున్నాను.

ఇప్పుడు నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పొద్దున బందరులో రైలెక్కితే, పొలాల మీద మంచు ఇంకా విడవకముందే గుడివాడ వచ్చేస్తుంది. కాలేజీలో అందరికీ సార్‌ని. పేరు సంతకానికే పనికొస్తోంది. రైలు కిటికీకి తల ఆనించి వెళ్తుంటే, ఈ పేరు నాది కాదు, ఎవరిదో చొక్కా వేసుకుని తిరుగుతున్నాను అనిపించేది. ఎవరూ చూడకుండా పెదవుల మీద ఆ పేరు పలికి చూసుకునేవాణ్ణి. నా గొంతులో అది నన్ను పిలిచినట్టు ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో తాతగారి పల్లె నుంచి సంఘపెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. వాళ్ల పాస్టరు అయ్యగారు ముసలివారైపోయారట. ఆదివారాలు నేను వెళ్లి వాక్యం చెప్పాలట. తాతగారి పేరున్న మనవడు ఉండగా ఇంకొకరెందుకండీ అన్నారు. నాకు ఒళ్లు మండింది. పేరు కలిసిందని పని అప్పగిస్తారా? ఊళ్లో ఆ పేరున్నవాళ్లు పదిమంది ఉంటారు. అయినా లోపల ఎక్కడో ఆశ కూడా లేచింది, అది దాచను. చిన్నప్పటినుంచీ ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నవాణ్ణి కదా. వాళ్లు పిలుస్తున్నది నన్నో తాతగారినో తెలియక, వచ్చే ఆదివారం అక్కడికే వచ్చి ఏ సంగతీ చెబుతానన్నాను.

నాకు కావలసింది వాళ్ల పిలుపు కాదు. నన్ను పెంచిన మనిషి ఒక్కసారి నన్ను ఆ పేరుతో పిలిస్తే చాలు, అది నాదవుతుంది. మామ్మని అడిగేశాను. ఆవిడ ఆదివారం తనూ వస్తానని మాత్రం అంది. నాన్న ఆశ్చర్యపోయి నావైపు చూశాడు.

అవనిగడ్డ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. కృష్ణ పాయ మీద వంతెన దాటుతుంటే నీళ్లూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి, బస్సు ఎక్కడా ఆనకుండా పోతున్నట్టుంది. మామ్మ కిటికీ వైపు చూడలేదు. ఒళ్లో బైబిలు సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. పల్లె చేరేసరికి ఉప్పుగాలి మొహానికి తగిలింది. పాత మందిరమే, సున్నం కొత్తది. చుట్టూ పొలాల చోట రొయ్యల చెరువులు, వాటిల్లో తెల్లగా నురగ చిమ్ముతూ తిరిగే చక్రాలు. జనం ఇంకా రాలేదు. మామ్మ మెట్లమీద కూర్చుని, చెరువుల అవతల పొడుగ్గా కనిపిస్తున్న గట్టు వైపు చాలాసేపు చూసింది. నేను పక్కన కూర్చున్నాను.

"నీళ్లొస్తున్నాయని కేక వినపడగానే, మీ తాతగారు నన్నూ మీ నాన్ననీ ఈ మందిరం పైకి ఎక్కించేశారు," అంది. "గట్టు పక్కన ముసలాళ్లున్నారు, తీసుకొచ్చేస్తానని వెళ్లారు. అప్పుడు పిలిచాను. పెళ్లయిన కాడ్నుంచి అదే మొదలు, పేరు పెట్టి పిలవడం. గొంతు పోయేదాకా పిలిచాను. పలకలేదు."

ఆవిడ గొంతు మారలేదు. కథ చెబుతున్నట్టే ఉంది.

"దేవుడు విన్నాడని దానర్థమని వచ్చి చెప్పావుగా, చిన్నప్పుడు. నేను పిలిస్తే ఆ మనిషే వినలేదు. నీకా పేరు పెట్టడం నాకు ఇష్టమే. పిలవడానికే భయం. పిలిచాక నువ్వు కూడా పలక్కపోతే?"

నేను లేచి గట్టు వైపు నడిచాను. అక్కడ కూర్చోలేకపోయాను. ఇన్నేళ్లూ నేను మర్యాద అనుకున్నది మర్యాద కాదు. రోజూ నాకు అన్నం పెట్టి, మొహం తుడిచి, కథలు చెప్పిన మనిషి ఇంత భయాన్ని నోట్లో పెట్టుకుని తిరిగింది. చెరువుల మధ్య దారి ఎండకి తెల్లగా మెరుస్తోంది. ఆ దారిన వెళ్లి గట్టెక్కాను. ఈ గట్టు మీదే ఆయన కూడా నడిచి ఉంటారు, నా వయసుకి కాస్త అటూ ఇటూగా. దేవుడు విన్నాడు అనే పేరు పెట్టుకుని ఆ మందిరంలో నిలబడి నేను ఏం చెప్పగలను? విన్నాడని ఈవిడ ముందు చెప్పగలనా? పెద్దలకి కుదరదని చెప్పేద్దామనుకున్నాను. అనుకోగానే మనసు తేలికపడింది, ఆ వెంటనే దిగులేసింది. మడచెట్ల దగ్గర ఆగిపోయాను. అవతల సముద్రం ఉందని తెలుస్తోంది కానీ కనపడటం లేదు.

వెనక మందిరం గంట మోగింది. జనం మెట్లెక్కుతూ దూరానికి రంగురంగుల చుక్కల్లా ఉన్నారు. గంట ఆగిపోయాక గాలి చప్పుడే మిగిలింది. అప్పుడు వినపడింది.

నా పేరు. పూర్తిగా, చివరి అక్షరం దాకా సాగదీసి. అంత సన్నటి మనిషికి అంత గొంతు ఉందని నాకు తెలియదు. మెట్ల చివర నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మామ్మ గట్టు వైపు చూస్తూ పిలుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు కదలకుండా నిలబడిపోయారు. పిలుస్తున్నది తాతగారిని కాదు, నన్నే. అందులో నాకు కొంచెం కూడా అనుమానం లేదు.

"వస్తున్నా మామ్మా!" అని అరిచాను.

ఎదురుగాలి. వినపడిందో లేదో. మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాను. పరుగెత్తడం మొదలుపెట్టాను. దేవుడు విన్నాడో లేదో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇవాళ్టికీ లేదు. ఈవిడ పిలిస్తే పలకడం మాత్రం నా పని. ఈ ఊళ్లో ఎవరు పిలిచినా నా పనే. ఊపిరి అందకుండా పరుగెడుతూ ఇదంతా ఇంత వివరంగా అనుకున్నానని చెప్పను. పలుకుతూ పరుగెత్తాను, అంతే. నేను కనిపిస్తూనే ఉన్నా ఆవిడ ఆపలేదు. మెట్ల దగ్గరికి వచ్చేదాకా పిలుస్తూనే ఉంది.

దగ్గరికి వెళ్లగానే రెండు చేతులతో నా భుజాలు తడిమింది. తర్వాత వీపు, చొక్కా అంచు. వంగి ప్యాంటు మడమల దగ్గర కూడా పట్టి చూసింది. చెమట తప్ప ఎక్కడా తడి లేదు.

"పొడిగానే ఉన్నావు," అంది. మామూలు గొంతుతో, అన్నానికి పిలిచినట్టు, ఇంకోసారి నా పేరు అని, "లోపలికి పద, జనం కూర్చున్నారు," అంది.